మంత్రి లేకుండా ఆడినా ఓటమికి రుజువు లేదు

"ఇంజిన్లు మొత్తం తేల్చేశాయి కదండీ, ఇంకా చదరంగం ఆడటం దేనికి?" భీమవరంలో టోర్నమెంటు హాలు బయట కూర్చున్న తండ్రి అడిగినా, అమలాపురంలో అరుగుమీద బోర్డు పరిచిన పెద్దాయన అడిగినా ప్రశ్న ఇదే. ఆయ్, తేల్చేశాయండీ అని తలాడించడం తేలిక. కానీ ఇంజిను, అంటే చదరంగం ఆడే ప్రోగ్రాం, మనిషిని ఓడించడం వేరు, ఆట తేలడం వేరు. ఈ రెంటికీ మధ్య గోదావరి అంత వెడల్పు ఉంది.

ఒక చిన్న ఉదాహరణ చూడండి. తెల్లవాడు రాజు ముందున్న బంటుని రెండు గళ్ళు తోశాడు, నల్లవాడూ అంతే చేశాడు. రెండో ఎత్తుకి తెల్లవాడు శకటుని తీసుకెళ్ళి ఏ6 గడిలో, అంటే తన ఎడమ అంచు నిలువు వరసలో ఆరో గడిలో, పెట్టాడు. మీ ఊళ్ళో శకటుని ఒంటె అంటే ఒంటే అనుకోండి. పక్క వరసలో బి7లో ఉన్న నల్ల బంటు దాన్ని ఊరికే కొట్టేస్తుంది. నెల రోజులు ఆట నేర్చిన పిల్లాడు కూడా తెల్లవాడి పని అయిపోయిందంటాడు. ఇంజిను నల్లవాడివైపు పెద్ద అంకె చూపిస్తుంది. అయినా ఆ స్థితిలో నల్లవాడు గెలిచి తీరతాడని ఇప్పటిదాకా గణిత రుజువు లేదు. తెల్లవాడి మంత్రిని ముందే పెట్టెలో పడేసి ఆట మొదలుపెట్టినా అంతే. అందరికీ తెలుసు, ఎవరూ రుజువు చేయలేదు. చదరంగం తేలకపోవడానికి అసలు కారణం గ్రాండ్‌మాస్టర్లు బుర్రలు బద్దలుకొట్టుకునే లోతైన స్థితులే అనుకుంటారు చాలామంది. నా ఉద్దేశంలో బరువంతా ఇలాంటి చెత్త ఎత్తుల దగ్గరే ఉంది. అది చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

ముందు "తేలడం" అంటే ఏమిటో తేల్చుకోవాలి. 1913లో ఎర్న్‌స్ట్ జెర్మెలో అనే జర్మన్ గణితవేత్త చదరంగంలాంటి ఆటలకి ఒక సంగతి చూపించాడు. పాచికల్లేని, చేతిలో దాచుకునే ముక్కల్లేని ఇద్దరి ఆటలో మూడింట ఒకటే నిజం: తెల్లవాడు తప్పులేకుండా ఆడితే గెలిచి తీరతాడు, లేదా నల్లవాడు గెలిచి తీరతాడు, లేదా ఇద్దరూ కనీసం డ్రా చేసుకోగలరు. జవాబు ఉందని ఖాయం. ఆ మూడింట్లో ఏదో మాత్రం ఆయన సిద్ధాంతం చెప్పదు.

దీనిమీద ఇప్పుడు మూడు మెట్లు లెక్కపెడతారు. ఫలితం ఏమిటో తెలియడం మొదటిది. మొదటి స్థితి నుంచి ఆ ఫలితాన్ని రాబట్టుకునే దారి చేతికి రావడం రెండోది. దీన్ని బలహీన పరిష్కారం అంటారు. బోర్డుమీద రాగల ప్రతి స్థితికీ, ఎంత పిచ్చి స్థితికైనా సరే, జవాబు ఉండటం మూడోది, బలమైన పరిష్కారం. అరుగుమీద వాదనలన్నీ చెడేది ఇక్కడే. ఒకాయన రెండో మెట్టు గురించి మాట్లాడుతుంటే ఇంకొకాయన మూడో మెట్టు గురించి కొట్లాడుతుంటాడు.

ఇక అంకెలు. 1950లో అమెరికన్ గణితవేత్త క్లాడ్ షానన్ వేసిన లెక్క అందరి నోటా నానుతుంది: 1 పక్కన 120 సున్నాలు. ఆయన చేసింది చాలా సూటి పని. ఒక్కో స్థితిలో సుమారు 30 ఎత్తులు ఉంటాయనుకున్నాడు. తెల్లవాడిదొకటి, నల్లవాడిదొకటి కలిస్తే దాదాపు 1,000 రకాలు. ఆట 40 ఎత్తులు నడిస్తే వెయ్యిని 40 సార్లు హెచ్చవేయాలి. అది ఆటల సంఖ్య, అంటే దారుల సంఖ్య. చదరంగం తేల్చడం గురించి మాట్లాడేటప్పుడు ఈ అంకె వాడటం తప్పు. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీరు ఏ కాలవ, ఏ పిల్లకాలవ, ఏ బోదె పట్టుకుని వచ్చినా చివరికి అదే చేలో పడుతుంది. దారుల లెక్క వేరు, చేల లెక్క వేరు. వేరువేరు వరసల్లో ఎత్తులు వేసి ఒకే స్థితికి చేరితే ఆ స్థితిని ఒక్కసారి తేలిస్తే చాలు.

చేల లెక్కని, అంటే స్థితుల లెక్కని, జాన్ ట్రాంప్ అనే డచ్ శాస్త్రవేత్త చక్కగా తేల్చాడు. కాయల్ని బోర్డుమీద అమర్చే పద్ధతులన్నిటికీ ఒక క్రమసంఖ్య ఇచ్చి, అందులోంచి యాదృచ్ఛికంగా 10 లక్షల స్థితుల్ని తీసి, నిజమైన ఆటలో వచ్చేవెన్నో పరిశీలించారు. నూటికి 5, 6 మాత్రమే నిలిచాయి. మిగతావాటిలో ఇద్దరు రాజులకీ ఒకేసారి చెక్ ఉండటమో, బంట్ల అమరికకి సరిపడా కొట్టుళ్ళు జరిగే వీలు లేకపోవడమో ఇంకేదో ఇబ్బంది. అలా వచ్చిన అంచనా సుమారు 48 పక్కన 43 సున్నాలు.

ఈ అంకెని కళ్ళకి కట్టాలంటే ఇసకే దిక్కు. అర మిల్లీమీటరు రేణువులైతే ఘనమీటరు ఇసకలో దాదాపు 900 కోట్ల రేణువులు పడతాయి. గోదావరి డెల్టా వైశాల్యం సుమారు 5,100 చదరపు కిలోమీటర్లు. అటు అంతర్వేది నుంచి ఇటు కాకినాడ దగ్గరి దాకా డెల్టా మొత్తాన్నీ 10 మీటర్ల మందాన ఇసకతో కప్పితే రేణువులు సుమారు 5 పక్కన 20 సున్నాలు. విచిత్రం ఏమిటంటే, ఎదుటి కాయల మీంచి దూకి కొట్టే చెక్కర్స్ ఆటలో మొత్తం స్థితులు దాదాపు అంతే. ఆ ఆట తేలింది కూడా. చదరంగానికి అలాంటి డెల్టాలు 1 పక్కన 24 సున్నాలు అన్ని కావాలి. ఆ ఇసకంతా తూకం వేస్తే 4 కోట్ల సూర్యుళ్ళ బరువు.

రేణువు బదులు ఒక్కో స్థితికి ఒక్క సిలికాన్ పరమాణువు చాలనుకుందాం. అప్పుడు బరువు చంద్రుడిలో 3,300వ వంతుకి దిగుతుంది. కాబట్టి విశ్వంలో చోటు చాలదన్న మాట నిజం కాదు. కాలమే అసలు అడ్డు. సెకనుకి 1 పక్కన 18 సున్నాలు స్థితుల చొప్పున నింపుకుంటూ పోయినా పూర్తవడానికి పట్టే కాలం విశ్వం వయసుకి దాదాపు 110 కోట్ల రెట్లు. మూడో మెట్టు, ప్రతి స్థితికీ జవాబు, మనుషుల పని కాదని నేను ఒప్పేసుకుంటాను. దానిమీద వాదన దండగ.

రెండో మెట్టు సంగతి వేరు. అక్కడ వాదనకి చోటుంది.

ఇప్పటిదాకా తేలిన ఆటలు ఎలా తేలాయో చూస్తే ఇది అర్థమవుతుంది. 7 నిలువు వరసల్లో బిళ్ళలు పడేస్తూ నాలుగు ఒక వరసలో పేర్చే కనెక్ట్ ఫోర్ 1988లోనే తేలిపోయింది. జేమ్స్ ఆలెన్, విక్టర్ ఆలిస్ కొద్ది రోజుల తేడాలో విడివిడిగా సాధించారు. మొదట ఆడినవాడిదే గెలుపు. మనకి ఇంకా దగ్గరిది దాడి ఆట. ఒకదానిలో ఒకటి మూడు చతురస్రాలు, 24 చుక్కలు, చెరి 9 కాయలతో ఆడే రకాన్ని 1993లో రాల్ఫ్ గాసర్ తేల్చాడు. ఇద్దరూ తప్పు చేయకపోతే డ్రా. మన ఊళ్ళలో మూలలకి అడ్డగీతలు గీసి, ఇంకా ఎక్కువ కాయలతో ఆడేవాళ్ళున్నారు. ఆ దాడికి ఈ ఫలితం అతకదు. ఒక్క గీత కలిపినా అది వేరే ఆట.

చెక్కర్స్‌ని కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో జోనథన్ షెఫర్ బృందం 1989లో మొదలుపెట్టి 2007లో ముగించింది. 18 ఏళ్ళు. ఫలితం డ్రా. వాళ్ళు చేసిందల్లా రెండు వైపుల నుంచి సొరంగం తవ్వడం. చివరి వైపు నుంచి, బోర్డుమీద 10 కాయలో అంతకన్నా తక్కువో ఉన్న ప్రతి స్థితికీ జవాబు పట్టిక తయారుచేశారు. అందులో 39 లక్షల కోట్ల స్థితులు, కుదించాక 237 జీబీ. మొదటి వైపు నుంచి ఎత్తుల వెతుకులాట. రెండూ మధ్యలో కలిశాయి. మొత్తం స్థితులు 5 పక్కన 20 సున్నాలైనా, రుజువుకి వాళ్ళు నిజంగా లెక్కించింది 1 పక్కన 14 సున్నాల మేరకే. మిగతాదాని జోలికి పోనక్కర్లేకపోయింది. బలహీన పరిష్కారంలో ఉన్న లాభం ఇదే.

చెక్కర్స్‌కి ఇంకో సుళువు ఉంది. కొట్టగలిగితే కొట్టి తీరాలన్న నియమం. దానివల్ల కాయలు త్వరగా తరుగుతాయి, ఎత్తుల కొమ్మలు సన్నబడతాయి. 24 కాయలతో మొదలై 10కి దిగాలంటే 14 కాయలు పోతే చాలు. చదరంగంలో 32తో మొదలై, మన దగ్గర పూర్తి పట్టిక ఉన్న 7కి దిగాలంటే 25 పోవాలి, అదీ కొట్టే బలవంతం లేకుండా. బలవంతం ఉంటే ఏమవుతుందో కూడా తెలుసు. అదే బోర్డు, అవే కాయలతో, కొట్టక తప్పదన్న నియమంతో, కాయలన్నీ ముందు పోగొట్టుకున్నవాడే గెలిచే ఓడుచదరంగం ఒకటుంది. దాన్ని 2016లో మార్క్ వాట్కిన్స్ తేల్చాడు: తెల్లవాడు రాజు ముందు బంటుని ఒక్క గడి తోసి గెలుస్తాడు. అంటే 64 గళ్ళు, 32 కాయలు అన్నవి మాత్రమే అడ్డు కాదు. ఆటగాడికి ఎంత స్వేచ్ఛ ఉందన్నదే అడ్డు.

చివరి నుంచి వెనక్కి వచ్చే పద్ధతి ఇంట్లో చేసి చూడదగ్గది. ఎవరైనా ఈ విషయంమీద మాట్లాడే ముందు ఒక్కసారి రాజు, ఏనుగు ఒకవైపు, ఒంటి రాజు ఇంకోవైపు ఉండే పట్టిక తయారుచేయాలని నా పట్టుదల. నదిని సముద్రం దగ్గర మొదలుపెట్టి ఎగువకి నడవడంలాంటిది. బోర్డుని తిప్పినా, అద్దంలో చూసినా ఒకటే కాబట్టి తెల్లరాజుని 10 గళ్ళ త్రికోణానికి పరిమితం చేయొచ్చు. అప్పుడు రాజుల జంటలు 462 మాత్రమే మిగులుతాయి. ఏనుగుకి 64 గళ్ళు. మొత్తం 29,568, ఎత్తు ఎవరిదన్నదానికి రెండింతలు. ముందుగా నల్లరాజుకి ఆటకట్టు అయిన స్థితులన్నిటికీ 0 వేయండి. తెల్లవాడు ఒక ఎత్తుతో వాటిలోకి వెళ్ళగల స్థితులకి 1 వేయండి. తర్వాత, నల్లవాడు ఏ ఎత్తు వేసినా గెలుపు గుర్తు పడిన స్థితిలోకే పోయేవన్నీ నల్లవాడి ఓటములు. మళ్ళీ తెల్లవాడి వంతు. ఒక విడతలో కొత్త గుర్తు ఒక్కటీ పడలేదంటే పని ముగిసినట్టు. గుర్తు పడనివన్నీ డ్రా.

పట్టిక సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి తాళంచెవి: ఏనుగుతో అన్నిటికన్నా పొడుగైన ఆటకట్టు 16 ఎత్తులు. మంత్రితో 10, రెండు శకట్లతో 19, శకటు గుర్రంతో 33. మీది వేరే అంకె చూపిస్తే రెండు తప్పుల్లో ఒకటి చేసి ఉంటారు. మొదటిది నీడ తప్పు. ఏనుగు వరస వెంట చెక్ ఇస్తోంది. నల్లరాజు అదే వరసలో ఏనుగుకి ఇంకా దూరంగా ఒక గడి జరిగితే చెక్ తప్పినట్టు ప్రోగ్రాం అనుకుంటుంది, ఎందుకంటే రాజే ఆ గడికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. దాడి పడే గళ్ళు లెక్కపెట్టే ముందు రాజుని బోర్డుమీద నుంచి తీసెయ్యాలి. రెండోది ఇంకా గడుసుది. నల్లవాడికి చెక్ లేదు, కదలడానికి ఎత్తూ లేదు. అది డ్రా. కానీ "అన్ని ఎత్తులూ ఓటమికే పోతున్నాయా?" అని అడిగితే, ఎత్తులే లేవు కనక ప్రోగ్రాం "అవును" అంటుంది. ఖాళీ మాట నిజమైపోయి డ్రా కాస్తా ఓటమిగా నమోదవుతుంది. అక్కడి నుంచి ఎగువకంతా కలుషితమే.

బంట్లు చేరితే ఇంకో క్రమం పాటించాలి. బంటు మంత్రి అవుతుంది, కాయలు కొట్టుడుపోతాయి, కాబట్టి అలా చేరే చిన్న పట్టికలన్నీ ముందే సిద్ధంగా ఉండాలి. పెద్ద పట్టికలు రోజుల తరబడి నడుస్తాయి. ప్రతి విడత చివరా డిస్కులో భద్రం చేసుకోకపోతే, తుఫాను రోజుల్లో కరెంటు పోయిన మరుక్షణం మొదటికొస్తుంది.

ఈ పద్ధతిలో ప్రపంచం ఎంతదాకా వచ్చిందంటే: 7 కాయల దాకా పూర్తి. రాజులతో కలిపి 7. 2012లో మాస్కో విశ్వవిద్యాలయం లొమొనొసోవ్ సూపర్‌కంప్యూటరుమీద తయారైన పట్టికలు 140 టెరాబైట్లు. తర్వాత 2018లో సిజిజీ అనే కుదించిన ఫైళ్ళ రూపంలో వచ్చినవి 18 టెరాబైట్ల చిల్లరకి కుదిరాయి. వాటిలో స్థితులు దాదాపు 424 లక్షల కోట్లు. 5 కాయల పట్టికలు 1 జీబీ లోపు, 6 కాయలవి 150 జీబీ దరిదాపు. ఒక్కో కాయకి నూరింతలు దాటి పెరుగుతున్నాయన్నమాట. అదే జోరు 8కి కొనసాగితే వేల టెరాబైట్లు. 9, 10 అని పైకి చూడటం మొదలుపెడితే తల తిరుగుతుంది. 32కి ఈ దారిన చేరడం కల్ల.

మీ కంప్యూటరులో 5 కాయల పట్టికలు పెట్టుకోడానికి ఖర్చేం లేదు, పెట్టుకోండి. 6 కాయలవి మామూలు హార్డ్‌డిస్కుమీద పెడితే ఇంజిను వాటిని వెతకడంలోనే నత్తలా నడుస్తుంది, వేగంగా చదివే ఎస్ఎస్‌డీ డిస్కు కావాలి. ప్రతి అమరికకీ రెండు ఫైళ్ళుంటాయి. ఒకటి గెలుపా డ్రానా ఓటమా చెబుతుంది, రెండోది కొట్టుడుకో బంటు కదలికకో ఎన్ని ఎత్తుల దూరమో చెబుతుంది. మొదటిది మాత్రమే దించుకునేవాళ్ళు చాలామంది. అప్పుడు గెలిచే స్థితిలో ఇంజినుకి గెలుస్తున్నానని తెలుసు, దారి తెలియక తిరుగుతూ ఉండొచ్చు. పట్టికలు ఎక్కడున్నాయో ఇంజినుకి చెప్పేటప్పుడు, ఫోల్డర్లు రెండుంటే విండోస్‌లో మధ్యన సెమీకోలన్, లినక్స్‌లో కోలన్ పెట్టాలి. సగం ఫిర్యాదులు ఈ చుక్కల దగ్గరే. దించుకున్నాక చెక్‌సమ్, అంటే ఫైలు చెడకుండా వచ్చిందో లేదో చెప్పే సంఖ్య, సరిచూడటం మానకండి. ఒక్క బిట్ తిరగబడినా పట్టిక ధీమాగా అబద్ధం చెబుతుంది.

పట్టికలు వచ్చాక మన పుస్తక జ్ఞానం ఎంత దెబ్బతిందో చూడండి. రెండు శకట్లు ఒంటి గుర్రాన్ని గెలవలేవని 19వ శతాబ్దం నుంచీ నమ్మేవారు. 1983లో అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త కెన్ థాంప్సన్ పట్టిక గెలుపు అంది, కొన్నిచోట్ల 66 ఎత్తులు పట్టినా సరే. అంతకుముందే, 1970ల చివర, మంత్రితో ఏనుగుని గెలవడం చిటికెలో పని అనుకున్న అమెరికా ఛాంపియన్ వాల్టర్ బ్రౌన్‌కి థాంప్సన్ యంత్రం ఎదురుగా కూర్చుని ఏనుగువైపు ఆడింది. మొదటిసారి 50 ఎత్తుల్లో ఆయన వల్ల కాలేదు. రెండు వారాలు చదువుకుని వచ్చి, సరిగ్గా 50వ ఎత్తుకి గట్టెక్కాడు. 7 కాయల్లో ఇంకా వింత: ఒకవైపు మంత్రి, బంటు, ఇంకోవైపు ఏనుగు, శకటు, గుర్రం ఉన్న ఒక స్థితిలో 549 ఎత్తులకి ఆటకట్టు. ఆ ఎత్తులు ఎందుకు వేస్తున్నారో ఏ గ్రాండ్‌మాస్టరూ విడమరిచి చెప్పలేడు.

ఇక్కడే నియమాల మెలిక. కొట్టుడు గానీ బంటు కదలిక గానీ లేకుండా 50 ఎత్తులు గడిస్తే ఆటగాడు డ్రా అడగొచ్చు. 2014 నుంచి 75 గడిస్తే ఎవరూ అడక్కపోయినా డ్రా. దీంతో ఆ 549 ఎత్తుల గెలుపు ఆటలో డ్రాగా మిగులుతుంది. అంటే "చదరంగం తేలిందా" అని అడిగే ముందు ఏ చదరంగం అని అడగాలి. 50 ఎత్తుల లెక్కని కూడా స్థితిలో భాగం చేస్తే స్థితులు దాదాపు నూరింతలవుతాయి. ఈ 75 నియమం ఒక మేలు మాత్రం చేసింది: ఆటకి హద్దు వచ్చింది. ఎంత సాగదీసినా 8,848 ఎత్తుల దగ్గర ముగియక తప్పదు. ఎవరెస్టు ఎత్తు మీటర్లలో అంతే అన్నది యాదృచ్ఛికం.

ఇప్పుడు మొదటి వైపు నుంచి తవ్వకం. చదరంగం డ్రా అని రుజువు చేయాలంటే రెండు రుజువులు కావాలి. తెల్లవాడికి ఒక దారి, నల్లవాడు ఏమాడినా కనీసం డ్రా ఇచ్చేది. నల్లవాడికి ఒక దారి, తెల్లవాడు ఏమాడినా కనీసం డ్రా ఇచ్చేది. రెండోదాన్ని తీసుకోండి. తెల్లవాడి మొదటి ఎత్తులు 20. ఇరవైకీ జవాబు కావాలి. ప్రతిదానికీ నల్లవాడు ఒక్క ఎత్తు ఎంచుకుంటే చాలు, కానీ ఆ తర్వాత తెల్లవాడికి మళ్ళీ సుమారు 30 దారులు. మన వంతుకి ఒకటే, ఎదుటివాడి వంతుకి అన్నీ. కాబట్టి అదృష్టం అంతా కలిసొచ్చి ప్రతిసారీ సరైన ఎత్తే ముందు పట్టుకుంటే పని మొత్తం సంఖ్యకి వర్గమూలం దాకా తగ్గుతుంది. 48 పక్కన 43 సున్నాలకి వర్గమూలం 22 పక్కన 21 సున్నాలు. సెకనుకి 10 కోట్ల స్థితులు చూసే పెద్ద సర్వరు ఒక్కటే పెడితే 70 లక్షల ఏళ్ళు. 70 లక్షల సర్వర్లు పెడితే ఏడాది. ఎవరైనా డబ్బు పెడితే అయిపోయే పనిలా కనిపిస్తుంది కదా.

అలా అవదు. చెక్కర్స్ అనుభవమే సాక్ష్యం: వర్గమూలం ప్రకారం అక్కడ 2,200 కోట్లతో అవ్వాల్సింది, 1 పక్కన 14 సున్నాలు పట్టింది. మొత్తం స్థితుల సున్నాలకీ పని సున్నాలకీ ఉన్న అదే నిష్పత్తి చదరంగానికి వేస్తే 1 పక్కన 30 సున్నాల దగ్గర తేలుతుంది. ఆ సర్వరు లెక్కన 300 లక్షల కోట్ల ఏళ్ళు. ఇది నా చేతి లెక్క, రెండు మూడు సున్నాలు అటూ ఇటూ అనుకోండి.

ఎందుకింత? ఎదుటివాడి "అన్నీ"లో చెత్త అంతా వచ్చిపడుతుంది కాబట్టి. మంచి ఎత్తులు ఆడితే ఆట తరచుగా ఇరుకు దారిలో నడిచి, కాయలు మారిపోయి, పట్టికల దరికి వస్తుంది. చెత్త ఎత్తు వేసినవాడి బోర్డు అలా కాదు. శకటు ఊరికే పోగొట్టుకున్నా ఇంకా 31 కాయలున్నాయి. వాడు తర్వాత కూడా చెత్తే వేయొచ్చు. ప్రతి చెత్తకీ జవాబు, ప్రతి జవాబుకీ కొత్త చెత్త, ఆటకట్టు దాకానో 7 కాయల దాకానో. ఇంజిను ఇక్కడ ఏం చేస్తుందంటే, పది ఇరవై ఎత్తులు చూసి "ఇక చాలు" అని అంకె వేసి పక్కకి తిరుగుతుంది. ఆటకి అది చాలు. రుజువుకి చాలదు. రుజువులో కొమ్మ చివర మూడే ఉండొచ్చు: ఆటకట్టు, నియమం ప్రకారం డ్రా, పట్టికలోని స్థితి. ఇంజినులోని న్యూరల్ నెట్‌వర్కు అంచనాగా వేసిన అంకెకి అక్కడ చోటు లేదు.

ఇంజిన్ల వేగం కూడా మోసాలమీదే నడుస్తుంది, తప్పుగా అనుకోకండి, ఆటకి అవి బ్రహ్మాండమైన మోసాలు. "నా ఎత్తు వదిలేసి ఎదుటివాడికి రెండుసార్లు ఇచ్చినా నాదే పైచేయి, కాబట్టి ఈ కొమ్మ చూడనక్కర్లేదు" అనుకోవడం ఒకటి. ఏ ఎత్తు వేసినా నష్టమే అయ్యే స్థితుల్లో ఇది బోల్తా పడుతుంది. వరసలో వెనకున్న ఎత్తుల్ని పైపైన చూడటం ఇంకొకటి. స్థితిని 64 బిట్ల గుర్తుగా మార్చి దాచుకోవడం మరొకటి; రెండు వేరు స్థితులకి ఒకే గుర్తు పడే అవకాశం చిన్నదే, కానీ లక్షల కోట్ల కోట్ల స్థితులు చూసే పనిలో అది తప్పకుండా పడుతుంది. రుజువులో ఒక్కటి పడితే మొత్తం పోయింది.

దీనికన్నా సూక్ష్మమైన గుంట ఒకటుంది. ఒక దారిలో వస్తూ ఒక స్థితి దగ్గర "ఇది ఇంతకుముందే వచ్చింది, పునరావృతం, డ్రా" అని రాసి దాచుకున్నారు. వేరే దారిలో అదే స్థితికి మొదటిసారి చేరినప్పుడు ఆ పాత చీటీ తీసి డ్రా అనేస్తారు. కానీ ఈ దారిలో పునరావృతం లేదు, అది గెలుపు కావచ్చు. చీటీలో రాసింది స్థితి గుణం కాదు, వచ్చిన దారి గుణం. చెక్కర్స్ రుజువులో పాల్గొన్న అకిహిరో కిషిమోతో ఈ చిక్కుమీద ప్రత్యేకంగా పనిచేశాడు. విరుగుడుగా పునరావృతంమీద ఆధారపడ్డ ఫలితాల్ని విడిగా గుర్తుపెట్టి, వాడేముందు ఈ దారికి సరిపోతాయో లేదో చూడాలి. పని పెరుగుతుంది, జ్ఞాపకశక్తి అవసరమూ పెరుగుతుంది.

క్వాంటం కంప్యూటర్ల గురించి అడుగుతారు. ఇలాంటి వెతుకులాటలో వాటి లాభం మహా అయితే మళ్ళీ వర్గమూలం మేరకు. పూర్తి పట్టిక కావాలంటే మాత్రం జవాబులు రాయడానికే అంత కాలం పడుతుంది కాబట్టి అదీ లేదు.

మరి ఫలితం? డ్రా అనే నా పందెం. తెల్లవాడికి ఇంజిన్లు చూపే ఆధిక్యం ఒక బంటు విలువలో పావు వంతు చుట్టూ తిరుగుతుంది, దాంతో గెలుపు రాదు. ఇంజిన్ల పోటీల్లో మొదటి స్థితి నుంచి ఆడిస్తే దాదాపు అన్నీ డ్రాలే అవుతున్నాయని, ఒక పక్కకి వాలిన ఓపెనింగులు, అంటే మొదటి కొన్ని ఎత్తులు, బలవంతంగా ఇచ్చి ఆడిస్తున్నారు. 5 వరసలు 5 నిలువుల చిన్న చదరంగం 2013లో తేలింది, డ్రాగానే. 2023లో హిరోకి తకిజావా ఒథెల్లో అనే బిళ్ళల ఆట కూడా డ్రా అని ప్రకటించాడు. ఇవన్నీ సూచనలే. చిన్న బోర్డు ఫలితం పెద్ద బోర్డుకి వర్తించాలని ఎక్కడా లేదు.

చదరంగం ఎలాగూ తేలదు కాబట్టి చేతనైనది తేలుద్దాం అనుకునేవాళ్ళకి ఇక్కడే ఒక ఆట ఉంది: పులి జూదం. 23 చుక్కలు, 3 పులులు, 15 మేకలు. పులుల్ని పెట్టే విధాలు 1,771. మిగిలిన 20 చుక్కల్లో 15కి మించకుండా మేకల్ని పెట్టే విధాలు 10,42,380. హెచ్చవేస్తే 185 కోట్లు. మేకలన్నీ దిగాక ఎత్తు ఎవరిదన్నది కలిపితే 369 కోట్ల స్థితులు. గెలుపు, డ్రా, ఓటమి, ఇంకా తేలనిది అని నాలుగు గుర్తులకి స్థితికి 2 బిట్లు చాలు. మొత్తం 1 జీబీ లోపే. పాత ల్యాప్‌టాప్‌లో పట్టేస్తుంది. మేకలు దింపే దశ ఇంకా తేలిక: ప్రతి మేకా చేతిలోంచి తగ్గుతూ పోతుంది కాబట్టి ఆట వెనక్కి తిరగదు, ఒక్కో మేకకి ఒక్క విడతలో చివరి నుంచి మొదటికి వచ్చేయొచ్చు. బోర్డు ఎడమా కుడీ అద్దంలా ఉంటుంది కనక పని ఇంకా సగమవుతుంది.

కోడు రాసే ముందు మీ ఊరి నియమం కాగితంమీద పెట్టండి. మేకలన్నీ దిగకముందే పులి కదలొచ్చా, దూకొచ్చా? ఒకే ఎత్తులో రెండు మేకల్ని తినొచ్చా? తినగలిగితే తినక తప్పదా? ఎన్ని మేకలు పోతే పులి గెలిచినట్టు? ఒకే స్థితి పదేపదే వస్తుంటే ఎవరు ఎత్తు మార్చుకోవాలి? రాజోలు వాళ్ళూ మండపేట వాళ్ళూ వీటికి ఒకటే జవాబు చెప్పకపోతే, తేల్చాల్సిన ఆటలు రెండు.